రాజమండ్రి జడ్జి, మన పాస్‌పోర్టు

పెద్ద తరగతి పిల్లలకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుల కోసం, ఇంటికెళ్లాక వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన తల్లిదండ్రుల కోసం ఈ పాఠం రాస్తున్నాను.

జనవరి 26 వచ్చిందంటే మన తరగతుల్లో ఏం చెబుతాం? రాజ్యాంగ సభ, అంబేడ్కర్, 1950, మొదట్లో 395 అధికరణలు. పిల్లలు చక్కగా అప్పజెప్పేస్తారు, వారం తిరక్కుండానే మర్చిపోతారు. వాళ్ల తప్పేం లేదు. దోహాలో పుట్టి పెరుగుతున్న పిల్లకి ఢిల్లీలో ఉన్న సుప్రీంకోర్టు ఎంత దూరం! "కోర్టులు మన హక్కులను కాపాడతాయి" అని బోర్డు మీద రాస్తే నోట్సులోకి ఎక్కించుకుంటుంది, అంతే.

కానీ ఆ పిల్ల ఇంట్లో బీరువా పై అరలో, నగల పెట్టె పక్కనే, ఒక నీలం అట్ట పుస్తకం ఉంటుంది. దాని విలువ ఆ పిల్లకి మనం చెప్పక్కర్లేదు. సెలవులకి ఇండియా వెళ్లే ముందు నాన్న దాని గడువు తేదీ మూడుసార్లు చూసుకోవడం చూసే ఉంటుంది. అందుకే హక్కులు, చట్టాలు, కోర్టుల పాఠాన్ని పాస్‌పోర్టు దగ్గర మొదలుపెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను. ఆ పుస్తకం మీకు ఒక హక్కుగా రావడం వెనక ఒక తెలుగు న్యాయమూర్తి రాసిన తీర్పు ఉంది. ఆ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో దాదాపు కనబడదు.

ముందు 1967కి ముందు పరిస్థితి చూడండి. రాజ్యాంగం అమల్లోకి వచ్చి పదిహేడేళ్లయినా, ఎవరికి పాస్‌పోర్టు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఇచ్చింది ఎప్పుడు వెనక్కి తీసుకోవచ్చు అని చెప్పే చట్టం భారతదేశంలో లేదు. 1920 నాటి బ్రిటిష్ చట్టం ఒకటి ఉండేది గానీ, అది దేశంలోకి వచ్చేవాళ్ల దగ్గర పాస్‌పోర్టు ఉండాలన్న సంగతే చూసుకునేది. వెళ్లేవాళ్ల విషయం అధికారుల ఇష్టం. పాస్‌పోర్టు అనేది ప్రభుత్వం తన పౌరుడి తరఫున ఇతర దేశాలకు రాసి ఇచ్చే పత్రం, ఇవ్వడమూ మానడమూ మా దయ అన్నది ప్రభుత్వ వాదన. పాస్‌పోర్టు లేకుండా విమానం వాళ్లు ఎక్కించుకోరు, అవతలి దేశం దిగనివ్వదు. అంటే ఆ పత్రం ఇవ్వనంటే మనిషిని ఊళ్లో కట్టేసినట్టే. కానీ ఏ చట్టం కింద కట్టేశారో అడిగితే జవాబు లేదు.

ఆ ప్రశ్న అడిగిన మనిషి సత్వంత్ సింగ్ సాహ్నీ. ఎగుమతి దిగుమతుల వ్యాపారి, పనుల మీద తరచూ విదేశాలకు వెళ్లివచ్చేవాడు. 1966లో పాస్‌పోర్టు అధికారులు ఆయనకు ఉత్తరం రాశారు: మీ దగ్గరున్న పాస్‌పోర్టులు తిరిగి అప్పగించండి. ఆయన దిగుమతి లైసెన్సు నిబంధనలు ఉల్లంఘించాడని దర్యాప్తు జరుగుతోందనీ, దేశం దాటిపోతాడేమోనని అనుమానమనీ తరవాత కోర్టుకు చెప్పారు. సాహ్నీ నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లాడు. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే కింది కోర్టుల మెట్లన్నీ ఎక్కకుండా నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టే వీలు 32వ అధికరణ ఇస్తుంది. అంబేడ్కర్ మొత్తం రాజ్యాంగానికే గుండెకాయగా భావించిన అధికరణ ఇదే. పెద్ద పిల్లలకు ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, మిగతావి పోయినా ఫర్వాలేదు.

కేసు పేరు 'సత్వంత్ సింగ్ సాహ్నీ వర్సెస్ రామరత్నం'. ఈ రామరత్నం ఎవరనుకున్నారు? ఉత్తరం రాసిన సహాయ పాస్‌పోర్టు అధికారి. పాపం, ఆయన చేసింది తన ఉద్యోగం. అయినా ఆయన పేరు న్యాయశాస్త్ర పుస్తకాల్లో శాశ్వతంగా ఉండిపోయింది.

అప్పటికే హైకోర్టులు రెండుగా చీలి ఉన్నాయి. బొంబాయి, కేరళ, మైసూరు హైకోర్టులు విదేశీ ప్రయాణం కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమే అన్నాయి. ఢిల్లీ హైకోర్టు కాదంది. సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం విన్నది. 1967 ఏప్రిల్ 10న తీర్పు వచ్చింది, ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. మెజారిటీ తీర్పు రాసింది భారత ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు.

ఆయన తర్కాన్ని పిల్లలకు వాళ్ల భాషలో చెప్పొచ్చు. 21వ అధికరణ ప్రకారం, చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఏ వ్యక్తి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ హరించకూడదు. స్వేచ్ఛ అంటే జైల్లో పెట్టకపోవడం ఒక్కటేనా? కోరుకున్న చోటికి వెళ్లడం, తిరిగి ఇంటికి రావడం కూడా అందులోవే కదా. అయితే దాన్ని ఆపాలంటే చట్టం ఉండాలి. చట్టం ఏదీ? లేదు. లేనప్పుడు అధికారి ఇష్టం వచ్చినట్టు ఆపడం చెల్లదు. పైగా ఒకరికి ఇచ్చి, అదే స్థితిలో ఉన్న ఇంకొకరికి ఇవ్వకపోవడానికి కొలమానమే లేకపోతే, చట్టం ముందు అందరూ సమానమన్న 14వ అధికరణ ఏమైనట్టు? 1958లో అమెరికా సుప్రీంకోర్టు రాక్‌వెల్ కెంట్ అనే చిత్రకారుడి పాస్‌పోర్టు కేసులో ఇచ్చిన తీర్పును కూడా ఆయన పరిశీలించారు.

విభేదించిన ఇద్దరి వైపు, అంటే హిదయతుల్లా, బచావత్‌ల వైపు నుంచి కూడా ఒక్కసారి తరగతిలో వాదింపజేయండి. వాళ్ల మాట తీసిపారేసేది కాదు. పాస్‌పోర్టు మొదటి పేజీ తెరిపించండి. ఈ పత్రం కలిగిన వ్యక్తిని అడ్డంకి లేకుండా పోనివ్వమని రాష్ట్రపతి పేరున చేసిన అభ్యర్థన అక్కడ ఉంటుంది. నా పేరుతో ఒకరి కోసం అభ్యర్థించాలో వద్దో నేను నిర్ణయించుకోకూడదా అని ప్రభుత్వం అడిగితే మీరేమంటారు? మా తరగతిలో ఈ ప్రశ్న దగ్గర పిల్లలు సగానికి సగం చీలిపోయారు. గంట కొట్టాక కూడా ఆగలేదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. "అందరికీ పాస్‌పోర్టు ఇచ్చి తీరాల్సిందే" అని కోర్టు అనలేదు. ఆపదలిస్తే చట్టం చేసి, ఆ చట్టం ప్రకారం ఆపమంది. ప్రభుత్వమూ ఊరుకోలేదు. మే నెలలోనే ఆర్డినెన్సు తెచ్చింది, 1967 జూన్ 24న పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. నేటికీ అదే నడుస్తోంది. భారత విదేశాంగ శాఖ ఏటా జూన్ 24ను పాస్‌పోర్టు సేవా దినంగా జరుపుతుంది. ఏయే కారణాలకు నిరాకరించవచ్చో ఆ చట్టంలో రాసి ఉంది. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, అప్పీలుకు దారి ఉండాలి. 17వ సెక్షన్‌లో ఇంకో సంగతి ఉంది, చాలామంది తల్లిదండ్రులకే తెలియదు: పాస్‌పోర్టు పుస్తకం కేంద్ర ప్రభుత్వ ఆస్తి. పుస్తకం వాళ్లది, ప్రయాణించే హక్కు మనది. అప్పు కింద ఇంకొకరి దగ్గర తాకట్టు పెట్టడానికి మనకే అధికారం లేని వస్తువు అది.

ఇప్పుడు ఆ న్యాయమూర్తి గురించి. కోకా సుబ్బారావు 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. మద్రాసులో న్యాయవిద్య, అక్కడే వకీలు వృత్తి, 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. 1954 జులైలో గుంటూరులో మొదలైన ఆ హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఈయనే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైకోర్టుతో పాటు హైదరాబాదు వచ్చారు, 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. (గుంటూరు నుంచి హైదరాబాదుకు వెళ్లిన హైకోర్టు, మళ్లీ 2019 జనవరి 1న విడిపోయి అమరావతికి వచ్చింది. మీ తరగతిలో రెండు రాష్ట్రాల పిల్లలూ ఉంటారు కాబట్టి ఈ ముక్క చెప్పండి, ఇద్దరికీ వాటా ఉంది.)

పాస్‌పోర్టు తీర్పు వచ్చిన మర్నాడే, 1967 ఏప్రిల్ 11న, ఆయన పదవికి రాజీనామా చేశారు. ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేసి జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. ప్రధాన న్యాయమూర్తి కుర్చీ నుంచి లేచి నేరుగా ఎన్నికల్లోకి దిగడమేమిటని అప్పట్లో విమర్శలు వచ్చాయి. నా మటుకు నాకు ఆ విమర్శ న్యాయమైనదే అనిపిస్తుంది. పిల్లల ముందు ఆయన్ని దేవుణ్ని చేయనక్కర్లేదు.

న్యాయశాస్త్రం చదివినవాళ్లకు సుబ్బారావు పేరు వినగానే గోలక్‌నాథ్ కేసు గుర్తొస్తుంది. అదీ 1967లోనే, ఫిబ్రవరి 27న. పంజాబులో భూ పరిమితి చట్టం కింద భూమి పోగొట్టుకున్న కుటుంబం వేసిన కేసు. పదకొండు మందిలో ఆరుగురు, రాజ్యాంగ సవరణ ద్వారా కూడా పార్లమెంటు ప్రాథమిక హక్కులను కుదించలేదన్నారు. భూసంస్కరణలకు అడ్డు పడ్డారని కోపగించినవాళ్లు చాలామంది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడు మంది న్యాయమూర్తులు కూర్చుని ఆ తీర్పును పక్కన పెట్టారు. సవరణలు చేయొచ్చు, కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం ముట్టుకోకూడదని 7-6తో తేల్చారు. ఆ ఏడుగురిలో హైదరాబాదువారైన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి ఉన్నారు. ఇది పెద్ద కథ, కాలేజీ స్థాయిది. పదమూడేళ్ల పిల్లలకు దీంతో మొదలుపెడితే ఆవలిస్తారు. పేరు చెప్పి వదిలేయండి.

దానికన్నా ఖరక్ సింగ్ కేసు పిల్లలకు బాగా ఎక్కుతుంది. ఉత్తరప్రదేశ్‌లో ఒకాయన మీద 1941లో బందిపోటు కేసు పెట్టారు, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరున రికార్డు తెరిచి, అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేవారు, నిద్ర లేపేవారు, ఎక్కడికెళ్లినా వెంట నిఘా. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు మెజారిటీ రాత్రిపూట ఇంటి మీదికి రావడం మాత్రం తప్పంది, మిగతా నిఘాను ఒప్పుకుంది. సుబ్బారావు ఒప్పుకోలేదు. నిఘా నీడలో ఉన్న మనిషి నడుస్తున్నా స్వేచ్ఛగా నడుస్తున్నట్టు కాదు, రాజ్యాంగంలో ఆ మాట విడిగా లేకపోయినా గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో అవసరమైన భాగమే అని విడిగా తన తీర్పు రాశారు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. ఇద్దరే, ఓడిపోయారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. యాభై అయిదేళ్ల కిందటి ఆ మైనారిటీ మాటే సరైనదని తీసుకున్నారు. ఫోన్‌లో అమ్మ తమ చాట్ చదువుతుందని గొణిగే పిల్లలకు ఈ కేసు చెప్పి చూడండి. తరవాత ఇంట్లో మీకు ఎదురయ్యే వాదనలకు నా పూచీ లేదు.

మళ్లీ పాస్‌పోర్టు దగ్గరికి వద్దాం. చట్టం వచ్చేసింది కదా, ఇక సమస్య తీరిందా? లేదు. 1977 జులైలో మేనకా గాంధీకి ఉత్తరం వచ్చింది: ప్రజా ప్రయోజనాల దృష్ట్యా మీ పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవాలని నిర్ణయించాం, ఏడు రోజుల్లో అప్పగించండి. కారణమేమిటని అడిగితే, అదీ ప్రజా ప్రయోజనాల దృష్ట్యానే చెప్పలేమన్నారు. ఈసారి చట్టం ఉంది, ఆ చట్టంలో సెక్షనూ ఉంది. మరి కోర్టు ఏం చేయాలి? 1978 జనవరి 25న ఏడుగురు న్యాయమూర్తులు ఇచ్చిన జవాబు పాత తీర్పు కన్నా ఒక మెట్టు పైకి వెళ్లింది. చట్టంలో ఏదో ఒక పద్ధతి రాసుకుంటే సరిపోదు, ఆ పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలి. మనిషి మాట వినకుండా నిర్ణయం తీసుకోవడం సబబు కాదు. అయితే ఆవిడ పాస్‌పోర్టు ఆ రోజే ఆవిడ చేతికి రాలేదు. ఆమె వాదన వింటామని ప్రభుత్వం హామీ ఇచ్చింది, ఈలోగా పాస్‌పోర్టు కోర్టు రిజిస్ట్రార్ దగ్గర ఉంచారు. సినిమాల్లోలాగా జడ్జి సుత్తి కొట్టగానే అన్నీ సర్దుకోవని ఈ చిన్న వివరం చెబుతుంది, దాన్ని వదిలేయకండి.

కోర్టు ఓడిపోయిన రోజు కూడా చెప్పండి. ఎమర్జెన్సీలో వేలమందిని విచారణ లేకుండా జైళ్లలో పెట్టారు. మమ్మల్ని ఎందుకు పట్టుకున్నారో కోర్టు అడగాలి అని వాళ్లు వెళితే, 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు 4-1తో, ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్లూ ఆ హక్కు అడగడానికి వీల్లేదంది. ఒక్క హెచ్.ఆర్. ఖన్నా ఒప్పుకోలేదు. తరవాత ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన్ని దాటేసి జూనియర్‌కు వెళ్లింది, ఆయన రాజీనామా చేశారు. ఆ తీర్పు వచ్చిన తరవాతి నెలలోనే సుబ్బారావు కన్నుమూశారు. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు మాటను నిలబెట్టిన 2017 తీర్పే, ఈ 1976 తీర్పును కూడా కొట్టేసింది.

ఇంత చెప్పాక పిల్లలు తప్పకుండా అడుగుతారు: "మరి ఇక్కడ?" ఈ ప్రశ్నను దాటవేయొద్దు. ఖతార్ శాశ్వత రాజ్యాంగం 2004లో జారీ అయింది. దాని 52వ అధికరణ చట్టబద్ధంగా నివసించే ప్రతి వ్యక్తికీ, అంటే ఖతార్ ఐడీ ఉన్న మనకూ, ప్రాణానికి, ఆస్తికి రక్షణ ఉందంటుంది. 135వ అధికరణ కోర్టుకు వెళ్లే హక్కు అందరికీ ఉందంటుంది. చట్టాలు రాజ్యాంగానికి తగ్గట్టు ఉన్నాయో లేదో తేల్చే సంస్థ ఉండాలని 140వ అధికరణ చెబితే, 2008లో 12వ నంబరు చట్టం ద్వారా దాని కోసం సుప్రీం రాజ్యాంగ న్యాయస్థానాన్ని ఏర్పాటు చేశారు. ఇండియాలో ఆ పని మామూలు కేసులు వినే సుప్రీంకోర్టే, హైకోర్టులే చేస్తాయి. అదే పనికి విడిగా కోర్టు పెట్టడం 1920లో ఆస్ట్రియాలో మొదలైన పద్ధతి. జర్మనీ, ఈజిప్టు, కువైట్ ఇదే దారి.

కువైట్ పేరు ఊరికే చెప్పలేదు. అక్కడ 1962 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీకి పాస్‌పోర్టు కావాలంటే భర్త ఒప్పుకోవాలి. 2009 అక్టోబరులో కువైట్ రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది. కడప, గోదావరి జిల్లాల నుంచి ఎందరో తెలుగు ఆడవాళ్లు పనికి వెళ్లే దేశమది. అక్కడి ఆడవాళ్లకే తమ పాస్‌పోర్టు తాము తీసుకునే హక్కు అంత ఆలస్యంగా వచ్చిందంటే పిల్లలు ఆశ్చర్యపోతారు.

ఖతార్‌లో మనకు దగ్గరి విషయం ఇంకోటి. యజమాని కార్మికుడి పాస్‌పోర్టు తన దగ్గర అట్టేపెట్టుకోవడం ఇక్కడ చట్టవిరుద్ధం. 2015 నాటి 21వ నంబరు చట్టం ప్రకారం నివాస అనుమతి పని అవగానే తిరిగి ఇచ్చేయాలి, కార్మికుడే దాచమని రాసి అడిగితే తప్ప. లేదంటే 25 వేల రియాళ్ల వరకు జరిమానా. 2018లో చేసిన సవరణతో ఎక్కువమంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ అవసరం పోయింది, 2020లో ఇళ్లలో పనిచేసేవాళ్లకూ వర్తించింది. ఇవి కోర్టు తీర్పుల వల్ల కాదు, చట్టాల మార్పు వల్ల వచ్చాయి. ఆ తేడా పెద్ద పిల్లలకు చూపించాలి. అయినా మన తరగతికి పిల్లల్ని పంపే తండ్రుల్లోనే, కంపెనీ ఆఫీసు అల్మారాలో తన పాస్‌పోర్టు ఏళ్ల తరబడి ఉండిపోయిందని నాతో చెప్పినవాళ్లున్నారు. అడగడానికి మొహమాటం, భయం. చట్టంలో ఉందని తెలిస్తే ఆ భయం కొంతైనా తగ్గుతుంది. జగిత్యాల, నిజామాబాద్ నుంచి వచ్చిన అన్నలకు ఈ విషయం మన వార్షికోత్సవంలో స్టేజీ మీద చెప్పినా తప్పులేదు.

ఇండియా వైపు కూడా ఒక ముడి ఉంది. పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. 1983 వలస చట్టం కింద వాళ్లు ఖతార్ లాంటి దేశాలకు పనికి రావాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. ఇది రక్షణా, అడ్డంకా? రెండు వైపులా చెప్పేవాళ్లు ఉంటారు. సుబ్బారావు తీర్పుతో పోల్చి, ఇక్కడ చట్టం ఉంది కదా, పద్ధతి సబబుగా ఉందా అని పిల్లల్నే ఆలోచించనివ్వండి.

చివరగా భాష సంగతి, మనది తెలుగు తరగతి కాబట్టి. 'హక్కు' అరబ్బీ నుంచి వచ్చిన మాట. మన పిల్లలు బడిలో అరబ్బీ పాఠంలో నేర్చుకునే 'హక్', 'హుఖూఖ్' ఇవే. 'వకీలు', 'ఖైదు', 'రద్దు' కూడా అటునుంచే ఉర్దూ, పార్శీల మీదుగా మన ఊళ్ల కచేరీలకు చేరాయి. 'తీర్పు', 'చట్టం' మాత్రం ద్రావిడ మాటలు. బోర్డుకు ఒకవైపు అరబ్బీ మాటలు, ఇంకోవైపు తెలుగు మాటలు రాసి జత చేయిస్తే అరగంట ఇట్టే గడుస్తుంది. 'చెల్లదు' అన్న మాటను మాత్రం విడిగా చెప్పండి. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చెల్లదని 13వ అధికరణ అంటుంది. చిన్న పిల్లలకు అర్థం కాకపోతే 2016లో రద్దయిన పాత అయిదొందల నోటు చూపించండి, ఎవరింట్లోనైనా ఒకటి మిగిలే ఉంటుంది. ముద్ర ఉంది, సంతకం ఉంది, అంకె ఉంది. కొట్టుకు పట్టుకెళితే మాత్రం తీసుకోరు.